బస్సెక్కడం ఉచితం.. ఆగడానికే ఖర్చు

*స్త్రీ శక్తి పథకంతో పల్లెల్లో ఆడవాళ్ల ప్రయాణాలు పెరిగాయి. బస్టాండ్లు మాత్రం పాత లెక్కల్లోనే ఉన్నాయి. తాగడానికి నీళ్లు, కాలకృత్యాలకు చోటు, కూర్చోవడానికి నీడ.. వీటికి ప్రయాణికుల దగ్గర విడిగా డబ్బులు తీసుకోవచ్చా? భావనపాడు తీరం నుంచి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు వేరుగా కనిపిస్తుంది.*

శ్రీకాకుళం జిల్లా భావనపాడు రేవులో బోట్లు ఒడ్డెక్కే వేళకి ఇంకా పూర్తిగా తెల్లవారదు. చేపల పాట ముగిసీ ముగియగానే ఆడవాళ్లు తట్టలు సర్దుకుని ఆటోల్లో నౌపడ వైపో, టెక్కలి వైపో బయల్దేరతారు. అదే ఆటోలో వెనక సీట్లో శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్లే కోడలు, ఒళ్లో పిల్లాడు, పక్కన అత్త. టెక్కలి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగేసరికి ఎండ మొహానికి తగులుతుంటుంది. కోడలు సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత తిప్పుతుంది. “ఒలమ్మీ, ఎక్కువ తాగకు. సిక్కోలు వరకూ ఏటి సేస్తావు?” అంటుంది అత్త. కోడలు పెదాలు తడుపుకుని, పిల్లాడికి రెండు గుక్కలు పట్టించి, సీసా మళ్లీ సంచిలో పెట్టేస్తుంది. బస్సొస్తుంది. ఇద్దరూ ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టర్ రెండు జీరో టికెట్లు చేతిలో పెడతాడు. బస్సుకు పైసా ఖర్చు లేకుండా జిల్లా కేంద్రానికి చేరిపోతారు. దిగాక మొదట వెతుక్కునేది మరుగుదొడ్డి బోర్డునే.

ఉత్తరాంధ్రలో ఏ ఊరి నుంచి పట్నానికి వచ్చే ఆడవాళ్లనడిగినా ఇదే మాట చెబుతారు. బయల్దేరే ముందు నీళ్లు తగ్గించడం వాళ్లకు ప్రయాణ సన్నాహంలో భాగం. దిగిన చోట మరుగుదొడ్డి దొరికినా, చాలా బస్టాండ్లలో దాని గుమ్మం ముందు ఒక బల్ల, బల్ల మీద చిల్లర డబ్బా, వెనక ఒక మనిషి ఉంటారు. ఐదో పదో ఇస్తేనే లోపలికి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలై పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ వరకూ ఐదు రకాల బస్సుల్లో ఆడవాళ్ల ప్రయాణం ఉచితమైంది. అప్పటి నుంచి ఆ చిల్లరకు కొత్త అర్థం వచ్చింది. ఇదివరకు ఆ ఐదు రూపాయలు టికెట్ ఖర్చు పక్కన చిన్నగా కనిపించేవి. ఇప్పుడు ఆ మహిళ బస్సు ప్రయాణం మొత్తంలో కట్టే చార్జీ అదొక్కటే. నలభై, యాభై కిలోమీటర్లు ఊరికే తీసుకెళ్లిన ప్రభుత్వం, దిగిన చోట శరీర అవసరానికి టికెట్ కొట్టడం ఎలా సబబవుతుంది?

ఆ నాణెం ఎవరి జేబులోంచి?

మరుగుదొడ్డి రుసుము అందరికీ ఒకటే కదా, ఇందులో వివక్ష ఏముందని అడిగేవారున్నారు. రేటు అందరికీ ఒకటే, అవసరం అందరికీ ఒకటి కాదు. మగవాడికి మూత్రశాల దొరక్కపోతే ప్రహరీగోడ ఉంది. అది తప్పే, కానీ మన బస్టాండ్ల వెనక గోడలు ఆ తప్పుకు ఏనాడో అలవాటు పడిపోయాయి. ఆడవాళ్లకు ఆ దారి లేదు. గర్భిణికి గంటకోసారి వెళ్లాల్సి వస్తుంది. మధుమేహం ఉన్న పెద్దాయన ఆపుకోలేడు. నెలసరిలో ఉన్న ఆడపిల్ల రెండు మూడుసార్లు వెళ్లక తప్పదు. ఇంటిల్లిపాదీ పెళ్లికి బయల్దేరితే అందరికీ కట్టాలి. అంటే శరీరం ఎంత ఇబ్బందిలో ఉంటే అంత ఎక్కువ కట్టించే పద్ధతి ఇది. ముంబైలో 2011లో మహిళా సంఘాలు ‘రైట్ టు పీ’ పేరుతో ఉద్యమం మొదలుపెట్టింది ఈ లెక్క మీదే. నగరంలో మగవాళ్ల మూత్రశాలలు ఉచితం, అదే పనికి ఆడవాళ్ల దగ్గర మాత్రం డబ్బులు. ఇదేం న్యాయమని అక్కడి మహిళలు వీధికెక్కి అడిగారు.

బయట నుంచి వచ్చేవాళ్ల మాట అలా ఉంచి, రోజంతా బస్సుల్లోనే గడిపే మహిళా కండక్టర్ల సంగతి చూడండి. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య దొరికేది కొద్ది నిమిషాలు. డిపోలో గది ఉన్నా, ట్రిప్పు చివర బస్సు ఆగే పల్లెలో ఏమీ ఉండదు. అక్కడ తెలిసినవాళ్ల ఇంటి తలుపు తట్టాల్సిందే. ప్రయాణికుల వసతి అనగానే ప్రయాణికుల గురించే ఆలోచిస్తాం గానీ, ఆ స్థలంలో పనిచేసే డ్రైవర్లు, కండక్టర్లు, ఊడ్చేవాళ్లు, టీ అమ్మేవాళ్లు కూడా అదే నీరు, అదే నీడ మీద బతుకుతారు.

నీళ్లు తాగకుండా బిగబట్టుకోవడం ఎక్కడైనా ఆరోగ్యానికి చేటే. మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు అది దగ్గరి దారి. శ్రీకాకుళం జిల్లాలో దాని బరువు మరింత ఎక్కువ. భావనపాడుకు ఉత్తరాన ఉన్న ఉద్దానం ప్రాంతం కిడ్నీ జబ్బులతో దశాబ్దాలుగా అల్లాడుతోంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో జబ్బు లేని వీధి అరుదు. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ కచ్చితంగా తేల్చలేదు. ఎండలో కాయకష్టం చేస్తూ ఒంట్లో నీరు తగ్గిపోవడం వాళ్లు అనుమానిస్తున్న వాటిలో ఒకటి. హిరమండలం జలాశయం నుంచి సుమారు రూ.700 కోట్లతో తాగునీరు తెచ్చే పథకాన్ని, పలాసలో కిడ్నీ పరిశోధన ఆసుపత్రిని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఇంటి కుళాయి దాకా నీళ్లు తేవడానికి అంత ఖర్చు పెట్టిన చోట, అదే ఇంటి మనిషి బస్టాండ్‌లో గుక్కెడు నీళ్లకు సీసా కొనుక్కోవాల్సి వస్తే ఆ పథకం సగంలో ఆగినట్టే. బస్టాండ్‌లో కుళాయి ఉంటే సరిపోదు. ఆ నీటిని నమ్మి తాగగలగాలి. ట్యాంకు ఎప్పుడు కడిగారో, నీటిని ఎప్పుడు పరీక్షించారో కుళాయి పక్కన రాసిపెట్టని చోట జనం చేయి సీసా వైపే వెళ్తుంది. డబ్బులేనివాళ్ల చేయి ఆ కుళాయి దగ్గరే ఆగిపోతుంది.

---
పెట్టె: పట్టాల మీద వందేళ్ల పోరు

మన రైళ్లలో కింది తరగతి పెట్టెలకు మొదట్లో మరుగుదొడ్లే లేవు. బండి ఆగినప్పుడు దిగి, కూత వేయగానే పరుగెత్తుకు రావాల్సిందే. అలా దిగి బండి తప్పిపోయిన ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు 1909లో సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయానికి రాసిన ఫిర్యాదు ప్రసిద్ధం. కింది తరగతి పెట్టెల్లో మరుగుదొడ్లు రావడానికి ఆ ఉత్తరమే కారణమని చెబుతారు. ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో దాన్ని చూడొచ్చు. 1917లో గాంధీజీ మూడో తరగతి ప్రయాణికుల అవస్థ మీద ప్రత్యేకంగా వ్యాసం రాశారు. వసతులు లేకపోవడమే కాదు, ఉన్న చోట వాటి మురికి కూడా ఆయన్ని కలచివేసింది. 
---

ఈ దారికి సత్రాలు కొత్త కాదు

ఉచిత వసతి అనగానే ఇటీవలి ఎన్నికల మేనిఫెస్టోలు గుర్తుకు తెచ్చుకునేవారు ఈ దారి చరిత్ర ఒకసారి చూడాలి. టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం మీదుగా పోయే ఇప్పటి పదహారో నంబరు జాతీయ రహదారి, మద్రాసు నుంచి కలకత్తాకు పోయిన పాత బాటకు వారసురాలు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీ యాత్రకు బయల్దేరి, 1831లో తిరిగొచ్చేటప్పుడు జగన్నాథం, గంజాం, శ్రీకాకుళం మీదుగా ఈ దారినే వచ్చారు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఊరి వెంట ఊరు ఎలా ఉంది, దిగడానికి చోటుందా, నీళ్లు మంచివా అన్న వివరాలు వరుసగా కనిపిస్తాయి. బాటసారికి ఊరి విలువ ఆ మూడింటితోనే తేలేది. జమీందార్లు, వర్తకులు సత్రాలు కట్టించారు, బావులు తవ్వించారు, దారి పక్కన చెట్లు నాటించారు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ దారిన పోయే ఎవరికైనా అన్నం పెట్టి, ఇంగ్లండు రాజు దాకా పేరు వినిపించుకున్నారు. ఆ బాటసారుల్ని ఎవరూ సోమరులనలేదు. దారి ఉన్నప్పుడు దప్పిక తీర్చే చోటూ ఉండాలన్నది అప్పటివాళ్లకు విడిగా చర్చించాల్సినంత విషయం కాదు.

అయితే ఆ కాలాన్ని పూర్తిగా నెత్తిన పెట్టుకోలేం. సత్రంలో ఎవరు వసారాలో కూర్చోవచ్చు, ఎవరు బయట చెట్టుకిందే ఉండాలి అన్నది కులమే తేల్చింది. బ్రిటిష్ కాలంలో రైల్వే స్టేషన్లలో సైతం హిందువులకు ఒక కుండ, ముస్లింలకు ఒక కుండ విడిగా పెట్టారు. దాత దయ మీద నడిచే వసతి దాత ఇష్టాయిష్టాల్నీ వెంట తెస్తుంది. ఇప్పటి చలివేంద్రాల్లో కులం మాట లేదు, అది మంచి మార్పు. కానీ వాటికీ ఒక హద్దుంది. ఉగాది ముందో వెనకో పందిరి వేస్తారు. తడిగుడ్డ చుట్టిన కుండ, గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు, దాత పేరున్న ఫ్లెక్సీ వెలుస్తాయి. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడగానే పందిరి ఎత్తేస్తారు. దాహం మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. అందుకే ఈ బాధ్యతను ఆర్టీసీ ఖర్చుల పద్దులో చేర్చాలి. దాతలు వస్తే సంతోషం, రాకపోయినా కుళాయి ఆగకూడదు.

విమానం ఎక్కేవారిని ఎవరూ అడగరు

ఈ చర్చలో నాకు అన్నిటికన్నా గట్టిగా కనిపించే వాదన విమానాశ్రయాలది. విమానాశ్రయంలో మరుగుదొడ్డి గుమ్మం ముందు బల్ల ఉండదు. నీళ్ల కుళాయి, మెత్తటి కుర్చీ, ఫోన్ చార్జింగ్, చంటిపిల్లల తల్లులకు గది.. ఏదీ విడిగా కొనక్కర్లేదు. వాటి ఖర్చు ‘యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు’ పేరుతో టికెట్‌లో ముందే కలిసిపోయి ఉంటుంది. దాన్ని ఉచిత తాయిలమని ఎవరూ ఈసడించరు. పైగా టీ రేటు ఎక్కువగా ఉందని విమాన ప్రయాణికులు మొరపెట్టుకుంటే ప్రభుత్వం స్పందించింది కూడా. 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో పది రూపాయలకు టీ, పది రూపాయలకు నీళ్ల సీసా దొరికే ‘ఉడాన్ యాత్రీ కేఫ్’ తెరిచారు. తెరిచిన పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు టెక్కలికి కూతవేటు దూరంలోని నిమ్మాడ వాస్తవ్యుడు. అది మంచి పని. ఆ మంచి టెక్కలి కాంప్లెక్స్ మెట్ల దాకా రావాలన్నదే ఇక్కడ అడుగుతున్నది. భోగాపురంలో రూపుదిద్దుకుంటున్న అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయంలో ప్రయాణికుడికి ఏమేమి ఉండాలో రాసుకున్న జాబితాలో మొదటి ఐదు అంశాలు తీసి, అవే విజయనగరం, శ్రీకాకుళం, టెక్కలి, పలాస బస్టాండ్లకు అన్వయిస్తే చాలు.

రహదారి మీదా ఇదే తేడా. నరసన్నపేట దగ్గర మడపాం టోల్‌ప్లాజాలో రుసుము కట్టిన కారు యజమానికి అక్కడ మరుగుదొడ్డి వాడుకునే హక్కుంది. అది మురికిగా ఉంటే ఫొటో తీసి పంపండి, ఫాస్టాగ్‌లో వెయ్యి రూపాయలు వేస్తామని జాతీయ రహదారుల సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించింది. అదే టోల్‌గేటు దాటే ఆర్టీసీ బస్సులో టికెట్ కొన్నవాళ్లూ టోల్ వాటా కడుతున్నారు. వాళ్ల బస్సు అక్కడ ఆగదు. ఆగే చోట మళ్లీ కట్టాలి. పొరుగున తెలంగాణలో ఆర్టీసీ టికెట్‌లో ప్రయాణికుల సౌకర్యాల పేరుతో సెస్సే ఉంది. సౌకర్యానికని టికెట్‌లో తీసుకున్నాక ఆ సౌకర్యం గుమ్మం దగ్గర మరోసారి తీసుకోవడానికి ఏ న్యాయమూ ఒప్పుకోదు.

జీరో టికెట్ తీసుకున్న మహిళ ఏమీ కట్టలేదు కదా అనొచ్చు. ఆమె తరఫున ప్రభుత్వం ఆర్టీసీకి కడుతుంది. ఆ డబ్బు ఆమె సబ్బు కొన్నప్పుడు, చెప్పులు కొన్నప్పుడు కట్టిన పన్నులోంచే వస్తుంది. ఉచితం అంటే ఎవరూ కట్టనిదని కాదు, గుమ్మం దగ్గర కట్టనక్కర్లేనిదని మాత్రమే.

‘డబ్బులు తీసుకోకపోతే పాడుచేస్తారు’

ఎక్కువమంది చెప్పే అభ్యంతరం ఇదే. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం, ఎందుకంటే దీని వెనక అనుభవం ఉంది. ఒకప్పటి మున్సిపల్ మరుగుదొడ్లు ఉచితమే, కానీ అడుగుపెట్టలేని స్థితి. ఆ దశలో బిందేశ్వర్ పాఠక్ స్థాపించిన సులభ్ సంస్థ 1974లో పాట్నాలో డబ్బు చెల్లించి వాడుకునే మరుగుదొడ్డిని తెరిచి, కొద్దిపాటి రుసుముతో శుభ్రత సాధ్యమని చూపించింది. దేశంలో బస్టాండ్లు, స్టేషన్లు ఆ బాట పట్టాయి. అది ఆ రోజుకు ముందడుగే. పాకీపని నుంచి మనుషుల్ని బయటకు తేవడంలో సులభ్ చేసిన సేవ చిన్నది కాదు.

కానీ అక్కడ గదిని శుభ్రంగా ఉంచింది నాణెమా, నాణెంతో జీతం తీసుకుని రోజంతా అక్కడే ఉన్న మనిషా? మనిషే. ఆ జీతం ఎటు నుంచి వచ్చినా నేల అలాగే మెరుస్తుంది. తిరుమలలో రోజూ వేలాదిమంది భక్తులకు మరుగుదొడ్లు, జలప్రసాదం, 1985లో ఎన్టీ రామారావు హయాంలో మొదలైన నిత్యాన్నదానం.. అన్నీ ఉచితమే. ఉచితమైనా అక్కడ ఎవరూ పాడుచేయడం లేదా అంటే, చేసేవాళ్లు అక్కడా ఉన్నారు. తుడిచేవాళ్లు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు, వాళ్ల జీతానికి నిధి ఉంది. బ్రిటన్‌లో నెట్‌వర్క్ రైల్ తాను నడిపే పెద్ద స్టేషన్లలో మరుగుదొడ్డి రుసుమును 2019లో ఎత్తేసింది. జపాన్ రైల్వే స్టేషన్లలో మరుగుదొడ్లకు సాధారణంగా డబ్బులు అడగరు, వాటి శుభ్రతను లోకమంతా చెప్పుకుంటుంది.

మన దగ్గర అసలు జబ్బు టెండరు పద్ధతిలో ఉంది. చాలాచోట్ల మరుగుదొడ్డిని వేలంలో ఎక్కువ పాడినవాడికి అప్పగిస్తారు. అతను ఆర్టీసీకి కట్టాల్సింది ముందే ఖాయమైపోతుంది. దాన్ని రాబట్టుకోవాలంటే రెండే దారులు. ఎక్కువ వసూలు చేయాలి, లేదా ఫినాయిల్, నీళ్లు, మనుషుల మీద తక్కువ ఖర్చు పెట్టాలి. బోర్డు మీద ఒక రేటు, బల్ల దగ్గర ఇంకో రేటు ఎందుకుంటాయన్న ప్రశ్నకు జవాబు ఆ వేలంపాటలోనే ఉంది. బల్ల వెనక కూర్చున్న మనిషిని తిట్టి లాభం లేదు. అతను కూలికి వచ్చినవాడు. దీన్ని తిరగేయాలి. శుభ్రంగా ఉంచినందుకు సంస్థే కాంట్రాక్టర్‌కు నెలనెలా చెల్లించాలి, మురికిగా ఉన్న రోజుకు కోత పెట్టాలి. మార్కులు వేసేది ప్రయాణికులు. జేబులో ఫోన్ లేని వాళ్లూ వేయగలిగేలా గుమ్మం దగ్గర రెండు బటన్లు చాలు. తుడిచేవారికి చేతి తొడుగులు, బూట్లు, సమయానికి జీతం ఇవ్వడం కాంట్రాక్టు షరతుల్లో మొదట ఉండాలి. ఈ రంగంలో వాళ్ల గురించి మాట్లాడకుండా శుభ్రత గురించి మాట్లాడటం నాకు నచ్చదు.

---
పెట్టె: అమెరికా నేర్పిన పాఠం

1970 నాటికి అమెరికాలో నాణెం వేస్తేనే తలుపు తెరుచుకునే మరుగుదొడ్లు 50 వేలకు పైగా ఉండేవి. మగవాళ్ల మూత్రశాలలకు రుసుము లేదు, ఆడవాళ్లకు మాత్రం నాణెం తప్పదు. 1969లో కాలిఫోర్నియా శాసనసభ్యురాలు మార్చ్ ఫాంగ్ యూ చట్టసభ మెట్ల మీద మరుగుదొడ్డి బేసిన్‌ను సుత్తితో పగలగొట్టి నిరసన తెలిపారు. 1970లో ఒహాయోకు చెందిన కుర్రాళ్లు దేశవ్యాప్త సంఘమే పెట్టారు. 1973లో షికాగో నగరం రుసుమును నిషేధించింది. దశాబ్దం ముగిసేసరికి నాణెం తలుపులు దాదాపు మాయమయ్యాయి. అయితే వాటి బదులు ఉచిత మరుగుదొడ్లను నడిపే ఖర్చును చాలా నగరాలు నెత్తినేసుకోలేదు. ఉన్నవి మూతపడ్డాయి. ఇప్పటికీ అమెరికా నగరాల్లో మరుగుదొడ్డి కోసం కాఫీ హోటళ్లు వెతుక్కునేవారు ఎందరో.
---

అమెరికా అనుభవం ఉచితాన్ని వ్యతిరేకించే వారికి ఆయుధంలా కనిపిస్తుంది. నేను దాన్ని ఇంకోలా చదువుతాను. రుసుము ఎత్తేయడం అరపూట పని, ఒక జీవో చాలు. దాని స్థానంలో ఖర్చెవరు పెడతారో అదే జీవోలో రాయకపోతే, ఆరు నెలల్లో తలుపుకు తాళం పడుతుంది. ఉచితం కావాలని అడిగేవాళ్లు నిధి ఎక్కడి నుంచో కూడా అడిగి తీరాలి.

మరి డబ్బెక్కడిది?

ఆర్టీసీ నష్టాల్లో ఉన్నప్పుడు ఈ భారం కూడానా అన్నది రెండో అభ్యంతరం. డబ్బుల్లేవన్న ఈ మాటకు సుప్రీంకోర్టు ఏనాడో జవాబిచ్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో మురుగు కాలువలు, మరుగుదొడ్లు లేక జనం కోర్టుకెళ్తే, తమ దగ్గర డబ్బుల్లేవని మున్సిపాలిటీ వాదించింది. 1980లో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ఆ వాదనను తోసిపుచ్చారు. కనీస పారిశుధ్యానికి డబ్బు లేదన్నది సాకుగా చెల్లదన్నారు. 2025 జనవరిలో ఇదే కోర్టు, న్యాయస్థానాల్లో అందరికీ శుభ్రమైన మరుగుదొడ్లు ఉండటం జీవించే హక్కులో భాగమని తేల్చింది. కోర్టుకు వచ్చిన కక్షిదారుకు ఉన్న హక్కు, కోర్టుకు వెళ్లే బస్సు కోసం నిలబడ్డ మనిషికి లేకుండా పోతుందా?

చట్టం మాట అలా ఉంచి లెక్కే వేద్దాం. రోజుకు పది వేల మంది ఎక్కి దిగే ఒక బస్టాండ్ ఉందనుకుందాం. మనిషికి పావలా చొప్పున పక్కన పెట్టినా రోజుకు రూ.2,500, నెలకు రూ.75 వేలు. ఒక మోస్తరు బస్టాండ్‌లో మూడు షిఫ్టుల్లో తుడిచేవారికి, ఫినాయిల్‌కు, నీటి పరీక్షకు అది పెద్ద ఊతం. పావలా అంటే ఇప్పుడు చలామణిలో కూడా లేని నాణెం. ఇక బస్టాండ్‌లో దుకాణాల అద్దె ఉంది. ఆ దుకాణాలకు గిరాకీ వచ్చేదే ప్రయాణికులు అక్కడ వేచి ఉండటం వల్ల. వేచి ఉన్న మనిషి వల్ల వచ్చిన అద్దెలో కొంత ఆ మనిషి కోసం ఖర్చు పెట్టడం దానం కాదు. ఆ వాటా ఎంతో స్పష్టంగా రాసి, వేరే ఖాతాలో ఉంచి, ప్రతి నెలా గోడ మీద అతికించాలి.

అన్నీ ఉచితంగా ఇమ్మని ఇక్కడెవరూ అడగడం లేదు. గీత ఎక్కడ గీయాలన్నదే ప్రశ్న. శరీరం వాయిదా వేయలేనివి, అంటే నీళ్లు, మరుగుదొడ్డి, నీడ, కూర్చోవడానికి బల్ల, రాత్రి వెలుతురు, తల్లి పాలిచ్చేందుకు తలుపున్న గది గీతకు ఇవతల ఉండాలి. ఏసీ విశ్రాంతి గది, వేడినీళ్ల స్నానం, సామాన్ల లాకరు అవతల. వాటికి డబ్బు తీసుకోవచ్చు, కాస్త ఎక్కువే తీసుకుని ఇవతలి ఖర్చుకు మళ్లించవచ్చు. వైఫై విషయంలో రైల్వే ఇలాంటి గీతే గీసింది. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో గూగుల్, రైల్‌టెల్ కలిసి మొదలుపెట్టిన ఉచిత వైఫై వందల స్టేషన్లకు పాకింది. గూగుల్ తప్పుకున్నాక రైల్‌టెల్ 2021లో రోజుకు మొదటి అరగంట ఉచితం, ఆపైన రుసుము అన్నది. ఎర్నాకులం స్టేషన్‌లో మూటలు మోసే ఒక కూలీ అదే వైఫైతో చదువుకుని కేరళ పబ్లిక్ సర్వీస్ రాతపరీక్ష గట్టెక్కాడు. ఫోన్ చార్జింగ్‌ను కూడా నేను ఇవతలే ఉంచుతాను. ఇప్పుడు టికెట్టూ, ఆధారూ, ఇంటికి కబురూ అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి.

పొరుగు రాష్ట్రం చేసి చూపించిందీ ఉంది. తమిళనాడులో 2015లో జయలలిత ప్రభుత్వం బస్టాండ్లలో తల్లులు పాలిచ్చే గదులు వందల సంఖ్యలో తెరిచింది. అంతకు ముందే 2013లో బస్టాండ్లలో పది రూపాయలకు ‘అమ్మ’ నీళ్ల సీసా అమ్మింది. సీసా చవకైనా అది సీసానే. గది మాత్రం ఉచితం, అదే నిలబడాల్సిన ఆదర్శం.

టీ కొట్లు, నీళ్ల సీసాలు అమ్మేవాళ్లు దెబ్బతింటారన్న మాటా వినిపిస్తుంది. టీకి కుళాయి పోటీ కాదు. సీసా అమ్మకం కొంత తగ్గొచ్చు. అయినా దాహాన్ని తప్పించుకోలేని చోట దాహం మీద వ్యాపారం నిలబెట్టడం కోసం కుళాయి ఎండగట్టడం పద్ధతి కాదు. ప్రయాణికులు కానివాళ్లూ వచ్చి వాడుకుంటారన్నది ఇంకో భయం. రిక్షా తొక్కేవాళ్లు, ఆటోవాళ్లు, సంతకొచ్చినవాళ్లు వాడుకోనివ్వండి. వాళ్లను ఆపితే మిగిలేది గోడే.

మూలపేట మొదలయ్యేలోగా

భావనపాడు పోర్టుగా ఏళ్ల తరబడి వినిపించి, మూలపేట దగ్గర 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన ఓడరేవు తొలి దశ అంచనా వ్యయం రూ.4,300 కోట్ల పైచిలుకు. సరుకు ఎంత వస్తుంది, బెర్తులు ఎన్ని, రైలు మార్గం ఎక్కడ కలుస్తుంది అని అందరూ లెక్కలేస్తున్నారు. పోర్టు నడవడం మొదలైతే నౌపడ, టెక్కలి దారుల్లో మనుషులూ పెరుగుతారు. షిఫ్టు దిగిన కూలీ అర్ధరాత్రి బస్సు కోసం నిలబడతాడు. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చినవాళ్లు పలాస స్టేషన్‌లో పొద్దుటి బండి కోసం తలకింద సంచి పెట్టుకుని పడుకుంటారు. ఈ తీరం మత్స్యకారులకు ఆ నిరీక్షణ కొత్త కాదు. వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా జనరల్ పెట్టెల్లో పోయివచ్చేవాళ్లు వాళ్లు. దేశంలో ఏ స్టేషన్‌లో కుళాయి పనిచేస్తుందో, ఏ ప్లాట్‌ఫాం మీద పోలీసు లేపేస్తాడో వాళ్లకు తెలిసినంతగా టైంటేబుల్ రాసినవాళ్లకు కూడా తెలియదు.

ఓడరేవుకు రోడ్డు వేసేటప్పుడే ఆ రోడ్డు మీద బస్సాగే ప్రతి ముఖ్యమైన చోటా నీడ, కుళాయి, ఆడవాళ్లకు గడియ ఉన్న మరుగుదొడ్డి, రాత్రి దీపం అంచనాల్లో చేర్చాలి. తర్వాత చూద్దామనుకున్న వసతి మన ప్రాంతంలో తర్వాత రాదు. టెక్కలి, పలాస, శ్రీకాకుళం బస్టాండ్ల మరుగుదొడ్లకు ఈసారి టెండరు పిలిచేటప్పుడు ‘ఎక్కువ కట్టేవారికి’ అన్న షరతు తీసేసి ‘శుభ్రంగా ఉంచేవారికి చెల్లింపు’ అని రాయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రజా రవాణా శాఖలో ఒక ఉత్తర్వు, జిల్లా స్థాయిలో ఒక పర్యవేక్షణ కమిటీ చాలు. ఆ కమిటీలో రోజూ ఆ బస్సులెక్కే ఇద్దరు ఆడవాళ్లుండాలి. వాళ్లలో ఒకరైనా చేపల తట్టతో ప్రయాణించేవారై ఉండాలి.